చిల్లు మీద కుర్చీ

అయ్యా నీటి కంపెనీ వారూ, కరువు కరువని వానను తిట్టడం మానండి. మీరు గొట్టాల్లోకి ఎక్కించే నీళ్లలో సగం ఊరు చేరకుండానే నేల పాలవుతున్నాయి. ఆ సంగతి మీకు తెలుసు. పంపుల గది వెనక ఏరులా పారుతున్న చిల్లు జోలికి మీరు పోలేదు. ఇన్నాళ్లకు పలుగూ పారా పట్టుకుని దిగింది దేనికయ్యా అంటే, లాండ్రీ ఆవిడ వాకిట్లో చిటికెన వేలంత చిల్లు మూయడానికి.

ఆ చిల్లే ఆ వీధికి దిక్కు. నీళ్లు సీసాల్లో నింపి అమ్మే ఫ్యాక్టరీకి పోయే పెద్ద గొట్టం ఆమె గుమ్మం ముందు నుంచే పోతుంది. అది ఎప్పుడు చిట్లిందో ఏమో, కారడం మొదలుపెట్టింది. ఆమె అక్కడ గుంట తవ్వి, సిమెంటు పూసి, పైన చెక్క మూత వేసింది. అందులో ఊరిన నీళ్లతోనే లాండ్రీ నడుస్తోంది. మిగిలినవి ఇరుగుపొరుగు బిందెల్లోకి పోతాయి. వీధికి కుళాయి లేక కాదు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి ఫొటో దిగి వెళ్లాక అది ఒక్క చుక్క రాల్చిన పాపాన పోలేదు.

చిల్లు పూడిస్తే లాండ్రీకి తాళం పడ్డట్టే. చిక్కేమిటంటే, కంపెనీలో గొట్టాలు బాగుచేసేవాడు ఆమె సొంత మరిది. ఉండేదీ ఆ ఇంట్లోనే. ఆ వీధిలో చిల్లన్నదే కనబడలేదని ఇన్నాళ్లూ ఆఫీసులో బొంకుతూ వచ్చాడు. ధార సన్నబడిందని ఫ్యాక్టరీ వాళ్లు గోల పెట్టేసరికి ఇంజనీరే స్వయంగా బయలుదేరాడు. ఆ కబురు మోసుకొచ్చిన మరిది, మూసేద్దాం వదినా, లేకపోతే నా ఉద్యోగం ఊడుతుందని కాళ్లావేళ్లా పడ్డాడు.

"నీ ఒంటి మీదున్న ఆ చొక్కా ఏ నీళ్లతో ఉతికాననుకున్నావు?" అంది ఆమె.

"కంపెనీ నీళ్లతో."

"కంపెనీ చొక్కా, కంపెనీ నీళ్లు. మధ్యలో నీకేంటి నొప్పి?"

ఆమె ఆ ఇంట కాలు పెట్టింది మొదలు మరిది వాదనలో గెలిచింది లేదు. ఆ రోజూ గెలవలేదు.

జీపు వీధి మలుపు తిరిగేలోగా ఆమె చేతుల కుర్చీ తెచ్చి చెక్క మూత మీద వేసి, అత్తగారిని కూర్చోబెట్టి, నేల దాకా జీరాడేలా దుప్పటి కప్పింది. మామూలుగా ఆ అత్తాకోడళ్లు ఉప్పూ నిప్పూ. చిల్లు దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

ఇంజనీరు దిగి చుట్టూ చూశాడు. వీధంతా దుమ్ము, కుర్చీ చుట్టూ పచ్చగడ్డి. ఇక్కడే ఇంత పచ్చగా ఉందేమని అడుగుతూ ఓ అడుగు ముందుకు వేశాడు. మెరిసే బూటు చీలమండ దాకా బురదలో దిగబడింది.

బూటు కడుక్కుందామని వీధి కుళాయి దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి తిప్పాడు. కిర్రుమంది. ఇంకాస్త గట్టిగా తిప్పాడు. కుళాయి, దాని కింది మూరెడు గొట్టంతో సహా, ముల్లంగి దుంపలా ఊడి చేతిలోకి వచ్చింది. ఆ మూరెడే గొట్టం. దాని కింద మట్టి తప్ప ఏమీ లేదు.

ఇంజనీరు మరిది వైపు చూసి, "ఏంటయ్యా, దీనికి గొట్టమే వెయ్యలేదు?" అన్నాడు.

"భూమి కింద వేసింది ఫొటోలో పడదు కదండీ" అన్నాడు మరిది.

ముందు అత్తగారు నవ్వింది. తర్వాత వీధంతా నవ్వింది. నవ్వు ఆగేసరికి లాండ్రీ ఆవిడకు ఆ బురద కాలు చూసి జాలేసింది. ఎలాగూ దాగే గుట్టు కాదని దుప్పటి అంచు ఎత్తి, మూతలో కుర్చీ కాళ్లు ఆనని చెక్క ఒకటి పక్కకు జరిపి, చెంబు ముంచి బూటు మీద పోసింది. ఇంజనీరు రెండో చెంబు అడిగి మొహం కడుక్కున్నాడు. మూడోది గటగటా తాగాడు. తాగి మూతి తుడుచుకుని, చిల్లు ఇదేనని తేలింది కాబట్టి వెంటనే పూడ్చమని జీపులోని పలుగు తీసి మరిది చేతికిచ్చాడు.

అత్తగారు కదల్లేదు. "ఒరేయ్, కన్నతల్లిని ఎత్తి అవతల పెట్టి మరీ పూడుస్తావా?" అంది కొడుకుతో.

మరిది ఇంజనీరు మొహం చూశాడు, అమ్మ మొహం చూశాడు, ఒంటి మీది చొక్కా చూసుకున్నాడు. పలుగు కింద పెట్టేశాడు. "ఎత్తేదేదో మీరే ఎత్తండి సార్."

ఇంజనీరు అత్తగారి వంక చూసి ఎత్తే ఆలోచన మానుకున్నాడు.

అప్పుడు లాండ్రీ ఆవిడ నోరు విప్పింది. "చిల్లు పూడ్చొద్దని ఎవరన్నారు? నీళ్లు కారిపోతుంటే మాకు మాత్రం సంతోషమా? ముందు మీ చేతిలో ఉన్న దానికి గొట్టం వెయ్యండి. పెద్ద గొట్టం నాలుగు అంగల్లో ఉంది. పలుగుంది, పారుంది, మనిషున్నాడు. కుళాయిలో ధార పడ్డాక మా అత్తయ్య లేస్తుంది."

పైవాళ్లను అడగాలన్నాడు ఇంజనీరు. అడగమంది. ఫోనులో ఛార్జింగు అయిపోతే ఇంట్లో పెట్టుకోమంది.

పైవాళ్లు ఇంకా ఫోను ఎత్తలేదు. ఇంజనీరు కుళాయి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు, అత్తగారు కూర్చునే ఉంది, లోపల లాండ్రీ నడుస్తూనే ఉంది. కాబట్టి కంపెనీ వారూ, ఆ ఫోను ఎత్తండి. సీసాల ఫ్యాక్టరీకి వేసినట్టే ఆ వీధికీ గొట్టం వెయ్యండి. పంపుల గది వెనక చిల్లు ముందు మూయండి, ఆవిడ వాకిలి తర్వాత. రేపూ మాపూ అనకుండా, ఇవాళే తవ్వండి.