కుడి పెట్టె, ఎడమ పెట్టె

గుడ్డ విషయంలో నన్ను మోసగించే మొనగాడు ఇంకా పుట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా టైలర్ని మరి. చెక్కపెట్టెల దగ్గరే బోల్తాపడ్డాను. "గుండెల్లో మోగుతుంది సార్!" అని పాత సామాన్ల కొట్టువాడు పుస్తకాల అరలో పట్టేంత స్పీకర్లు రెండు అంటగట్టాడు.

నా ఆత్రమంతా ఒక క్యాసెట్ కోసం. పెళ్ళికి ముందు మా ఆవిడ కాలేజీ పోటీలో పాడి, మొదటి బహుమతి కొట్టిన పాట అందులో ఉంది. దాన్ని వినిపించి ఆమెను మురిపించాలని నా సరదా.

షాపులో బట్టల అరమీద రెండు పెట్టెలూ పక్కపక్కనే పెట్టి, స్వయంగా వైర్లు బిగించి, మా ఆవిణ్ణి పిలిచి క్యాసెట్ వేశాను. మృదంగం జాడే లేదు. మా ఆవిడ గొంతు బావిలోంచి పిలిచినట్టు పీలగా వచ్చింది.

"అయ్యో, ఇంత ఘోరంగా పాడానా! జాలిపడి ఇచ్చుంటారు బహుమతి. అవతల పారెయ్యండి దాన్ని," అంది ముఖం చిన్నబుచ్చుకుని.

నా ప్రాణం చివుక్కుమంది. కొట్టువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. పెట్టెల ముందున్న జాలీలు విప్పి దుమ్ము ఊదాను. టేప్‌రికార్డరు హెడ్డు స్పిరిట్‌తో తుడిచాను. అయినా అదే ఏడుపు. విసుగెత్తి ఒక పెట్టె వైరు పీకేశాను. అంతే, రెండో పెట్టె నిండుగా పాడింది! దాన్ని పీకి మొదటిది తగిలిస్తే అదీ భేషుగ్గా పాడింది. రెండూ కలిపితే మళ్ళీ పీలగొంతే.

"ఇదేం విడ్డూరమే! విడివిడిగా బంగారాలు, కలిస్తే పేచీ!"

"మనింటికి తగ్గవే తెచ్చారు," అంటూ ఆవిడ పెట్టెల వెనక్కి తొంగి చూసింది. "ఇదేంటండీ, ఈ పెట్టెకి ఎర్రవైరు ఎర్రదాంట్లో, ఆ పెట్టెకి నల్లదాంట్లో పెట్టారు?"

"అది కుడిది, ఇది ఎడమది కదా! చొక్కాకి రెండు చేతులూ ఒకేవైపు కత్తిరిస్తామా? రెండోది తిరగెయ్యొద్దూ?"

"ఖర్మ! చొక్కా అనుకున్నారా దీన్ని?"

ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగి ఆ మోతను చంపేస్తోందని తరవాత తెలిసింది. సిగ్గుపడుతూ వైర్లు మార్చి మళ్ళీ క్యాసెట్ వేశాను.

ఈసారి గొంతు నడిమధ్య నుంచి, ఎదురుగా నిలబడి పాడినట్టు వచ్చింది. ఆవిడ కదలకుండా చివరిదాకా వింది.

"బాగానే పాడేదాన్నే," అంది మెల్లగా. "మరెందుకు మానేశానంటారు?"

"నేనేగా... నువ్వు పాడుతుంటే కుట్టు వంకరపోతోందని కసిరాను."

"నాకు గుర్తుంది. మీకుందో లేదోనని అడిగాను."

"తప్పు నాదే. ఇప్పుడు పాడకూడదూ?"

"ముందు ఆ కుట్టుమిషను మీద ముసుగు వెయ్యండి," అంది.

వేశాను.