క్వమీనా సమాధి మీది సంఖ్య

అరబాకు ఒళ్లు హూనమైపోయింది. భర్త క్వమీనా పోయి ఏడాది. మర్నాడు కేప్‌కోస్ట్ చర్చిలో ప్రార్థన, ఆ తర్వాత సమాధి రాయి మీద ముసుగు తీయడం. బంధువులకు పడకలు, అద్దె కుర్చీలు, మొక్కజొన్న పిండి కెంకే ముద్దలు, చేపల పులుసు, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. ఇంతలో శ్మశానం నుంచి అమీసా ఫోన్ చేశాడు. క్వమీనాతో కలిసి కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి.

"వదినా, ఒకసారి రావాలి. రాయి మీద అంకె తప్పు పడింది."

ఆమె వెంటనే లేవలేకపోయింది. ఆ సంఖ్య కోసం అత్తింటివాళ్లందరితోనూ పోట్లాడింది మరి. వంశపెద్ద అకోన్, క్వమీనాకు మేనమామ, బైబిలు వాక్యమే చెక్కించాలని పట్టుబట్టాడు. "ఇన్ని అంకెలా? ఫోన్ నంబరా అమ్మాయ్? కొడితే మావాడు పలుకుతాడా?" అని నలుగురిలో నవ్వాడు. అయినా ఆమె తగ్గలేదు. క్వమీనాకు ప్రాణమైన ప్రధాన సంఖ్య అది. నూట ఇరవై ఏడు రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే వస్తుంది. ఒకటీ, అదీ తప్ప దాన్ని ఏదీ శేషం లేకుండా భాగించదు. యంత్రాలు లేని కాలంలో ఒకాయన చేత్తో లెక్కకట్టి తేల్చాడని ఏటా కొత్త పిల్లలకు చెప్పి మురిసిపోయేవాడు.

శ్మశానంలో రాతిపనివాడు జోజో తల వంచుకు నిలబడ్డాడు.

"మీరిచ్చిన కాగితంలో సరిగ్గా కనపళ్లేదమ్మా. మూడు ఎనిమిదిలా అనిపించింది."

"అంకెలన్నీ కూడితే నూట యాభై తొమ్మిది వచ్చింది," అన్నాడు అమీసా. "అది మూడో ఎక్కంలో పోతుంది వదినా, అంటే మొత్తం సంఖ్యే మూడుతో పోతుంది. చిన్న పిల్లలైనా పట్టేస్తారు."

"ఎవరు కూడతారండీ? వదిలేద్దురూ," అంది అరబా నీరసంగా.

"క్వమీనా పాఠం చెప్పిన పిల్లలు వస్తారు రేపు. వాళ్లు కూడతారు."

అరబా పక్క సమాధి గట్టు మీద కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. జోజో చెప్పాడు, ఎనిమిదిలో ఎడమ పక్కన సిమెంటు పూడ్చితే మూడైపోతుందని, కాకపోతే కొన్నాళ్లు రంగు తేడాగా కనిపిస్తుందని.

"పూడ్చెయ్ నాయనా."

అతను సిమెంటు నింపుతుండగా అకోన్ వచ్చాడు. అరబా లేవలేదు, దాచనూ లేదు. "తప్పు పడి మూడుతో పోతోంది మామయ్యా. అనేదేదో అనెయ్యండి, వింటాను."

ముసలాయన వంగి రాయిని చూశాడు. చినుకులు మొదలయ్యాయి. తడి సిమెంటు కరిగిపోతుందని జోజో అరచేతులు అడ్డం పెట్టాడు. అకోన్ తన గొడుగు విప్పి రాయి మీద పట్టాడు, తను తడుస్తూ.

"ఇప్పుడు మూడుతో పోదా?" అని అమీసాను అడిగాడు.

"పోదు పెద్దాయనా. దేంతోనూ పోదు."

"ఆరేదాకా నేను ఉంటాలే. పిల్లను ఇంటికి తీసుకెళ్లవయ్యా, ముఖం చూడు ఎలా వాడిపోయిందో."

కారులో కూర్చోగానే అరబాకు నిద్ర పట్టేసింది. ఇల్లు వచ్చినా అమీసా ఆమెను లేపలేదు.