వీరవేణి విన్న చప్పుడు

నేను ఒక రబ్బరు బుష్‌ని. అరచేతిలో ఇమిడిపోతాను. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, ఆ రెండింటి మధ్య అతుక్కున్న నల్లని రబ్బరు. అంతే నేను. నాలుగు చక్రాలూ లాగే బండిలో వెనక వైపు డిఫరెన్షియల్ అని ఒక బరువైన ఇనుప పెట్టె వేలాడుతూ ఉంటుంది. ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచేది అదే. ఆ పెట్టె బండి చట్రానికి నేరుగా తగిలితే లోపలున్నవాళ్ల ఒళ్లు హూనమైపోతుంది కనక మధ్యలో మమ్మల్ని పెడతారు. ముందు ఒకటి, వెనక రెండు. వెనక ఎడమ వైపుది నేను.

కాకినాడలో మా మొదటి యజమాని ఒక కాంట్రాక్టరు. కొండలెక్కే బండి కావాలని పట్టుబట్టి కొన్నాడు. ఆరేళ్లపాటు పెళ్లిళ్లకూ క్లబ్బుకూ తిప్పాడు. ఆయన దగ్గర నాకు పనే లేదు. తర్వాత బండిని రంపచోడవరం నూకరాజు కొన్నాడు. అతను మారేడుమిల్లి పైన జరిగే సంతల్లో కొండచీపుళ్లు, పసుపు, చింతపండు కొని కింద అమ్ముకునేవాడు. ఘాట్ రోడ్డు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఎక్కేటప్పుడు ఆ ఇనుప పెట్టె నన్ను ఒక పక్కకి మెలిపెడుతుంది, దిగేటప్పుడు ఇంకో పక్కకి. ప్రతి మలుపులోనూ చిరిగిపోతానేమోనని బిక్కుబిక్కుమంటూ ఉండేవాణ్ణి. నూకరాజు మాత్రం పాటలు పాడుకుంటూ నడిపేవాడు.

తర్వాత అతనికి షుగరు కళ్లలోకి దిగింది. ఎదురుగా వచ్చే లారీ రెండుగా కనిపించిన రోజున బండిని ఇంటి ముందు ఆపి, తాళాలు భార్య చేతిలో పెట్టి అరుగు మీద కూలబడ్డాడు.

ఆ భార్యే వీరవేణి. అప్పటికి నలభై ఆరేళ్లు. మూడు నెలల్లో నడపడం నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. మొదటిసారి ఘాట్ ఎక్కిన రోజున స్టీరింగు పట్టుకున్న ఆమె చేతుల వణుకు ఇనుములోంచి నాదాకా వచ్చింది. కింద నేనూ వణుకుతున్నాను. బండిలో మేమిద్దరమే భయస్థులమని ఆ రోజే నాకు అర్థమైంది.

పక్క సీట్లో ఆమె మరిది దొరబాబు కూర్చునేవాడు. ఆడమనిషిని ఒంటరిగా కొండ మీదికి ఎలా పంపుతామని ఇంట్లోవాళ్లు తోడిచ్చారు. దొరబాబుకి నడపడం రాదు. నడపడం గురించి మాత్రం అతనికి తెలియనిది లేదు.

రెండేళ్లు గడిచాయి. నూనె కారకుండా ఆపే సీలు ఒకటి నా పైన పాడై, డిఫరెన్షియల్‌లోని నూనె చుక్కచుక్కగా నా మీద పడసాగింది. రబ్బరుకి నూనె విషం. ముందు మెత్తబడ్డాను, తర్వాత ఉబ్బాను. ఒక వానాకాలంలో, ఎక్కుడు దారిలో గేరు మార్చిన క్షణాన నాలో సన్నగా ఒక పగులు పుట్టింది. అది నాకు తెలిసింది, ఇంకెవరికీ తెలియదు. అరవడానికి నాకు నోరేది? పగులు ఎక్కువయ్యాక ఆ పెట్టె లేచి చట్రానికి తగలడం మొదలైంది. దబ్. ఆక్సిలేటరు వదిలితే దబ్. మళ్లీ నొక్కితే దబ్.

వీరవేణి విన్నది.

"ఏదో చప్పుడొస్తంది దొరబాబూ. వెనకాల."

"జాకీ కదులుతుంటదొదినా."

ఇంటికెళ్లాక జాకీని గోనెసంచిలో చుట్టి కట్టింది. మర్నాడూ దబ్.

"క్లచ్చు సరిగా వదల్డం లేదు నువ్వు. అన్నయ్య నడిపినప్పుడు ఇలాంటి చప్పుళ్లేమన్నా వచ్చాయా?"

ఆమె దాన్ని నమ్మింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. అప్పట్నుంచీ క్లచ్చు వదిలే ప్రతిసారీ ఊపిరి బిగబట్టేది. పూలు పెట్టినంత నెమ్మదిగా ఆక్సిలేటరు మీద కాలు పెట్టేది. అయినా దబ్‌మనేది. ఆ తప్పు నాది. కానీ ఆమె తనను తానే తిట్టుకునేది. ఒకరోజు నూకరాజుతో చెప్పుకుంది.

"ఏవండీ, నాకు ఘాట్ అంటే భయంగా ఉంటంది. నా నడపడంలోనే ఏదో లోపం ఉంది."

"అలవాటైపోద్దిలే," అన్నాడు నూకరాజు. కళ్లు బాగుంటే బండి ఎక్కి చూసేవాడే.

ఆ మంగళవారం పైన సంత ముగిసింది. బండి నిండా చీపురు కట్టలు. కింద ఆసుపత్రి పనులున్న కొండరెడ్డి తెగ ఆడవాళ్లు నలుగురు వెనక సీట్లో ఇరుక్కున్నారు. వాళ్లలో ఒకామె ఒళ్లో ఏడాది పిల్ల. మధ్యాహ్నమే ఆకాశం నల్లబడి వాన మొదలైంది. దిగుడు మొదలయ్యేసరికి నాలో మిగిలింది రెండు వేళ్ల వెడల్పు రబ్బరు. కుడి వైపున నా జత బుష్ ఉంది. దాని పరిస్థితీ అంతే. నేను ఒక్కో మలుపూ లెక్కపెట్టుకుంటున్నాను. మూడో మలుపులో నాలోని చివరి పోగు తెగింది.

ఒక్కసారిగా పెట్టె బరువంతా పక్కకి ఒరిగింది. దాని అంచు ఒక సన్నని గొట్టానికి ఆనుకుంది. అది వెనక చక్రాలకు బ్రేకు నూనె తీసుకెళ్లే గొట్టం. బండి కదిలినప్పుడల్లా అంచు ఆ గొట్టాన్ని రాస్తోంది. గీక్... గీక్... ఎదురుగా ఇంకా పది మలుపులున్నాయి. పక్కన లోయ. ఆ గొట్టం తెగితే ఆమె కాలి కింద బ్రేకు గాలిలో నొక్కినట్టు దిగిపోతుంది. పైన పిల్ల ఏదో చూసి కిలకిలా నవ్వుతోంది. ఆ నవ్వు వింటుంటే నాకు పిచ్చెక్కినట్టయింది.

వీరవేణి కొండవైపు బండి ఆపేసింది. చేతి బ్రేకు లాగింది.

"అందరూ దిగండమ్మా."

"ఏమైంది?" అన్నాడు దొరబాబు.

"చప్పుడు మారింది. ఇందాకటిది కాదిది."

"వానలో దింపుతావా అందర్నీ? చప్పుడొస్తే వస్తది, పాత బండి. ఇంకో అరగంటలో కిందుంటాం. పోనీ."

"నేను పోనియ్యను."

"ఊరికే భయపడిపోకొదినా!"

"భయంగానే ఉంది," అంది. తాళం తీసి జాకెట్లో దోపుకుంది. "అందుకే పోనియ్యను."

ఆడవాళ్లు దిగారు. పిల్లకి పైట కప్పి కొండ అంచున నిలబడ్డారు. వీరవేణి చక్రాల కింద రాళ్లు పెట్టింది. దొరబాబు ఒక్కడే బండిలో ముడుచుకుని కూర్చున్నాడు. అటుగా దిగుతున్న బస్సును ఆపి, ఆడవాళ్లనీ పిల్లనీ అందులో ఎక్కించింది. రంపచోడవరంలో షెడ్డున్న మెకానిక్కు మీరాసాహెబుకి కబురు చెప్పమని కండక్టరుని బతిమాలుకుంది.

రెండు గంటల తర్వాత మీరాసాహెబు మోటారు సైకిలు మీద వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి. తడినేల మీద గోనె పరుచుకుని బండి కిందికి దూరాడు. టార్చి వెలుగు నా మీద పడింది, తర్వాత ఆ గొట్టం మీద. అక్కడే ఆగిపోయింది. 

"అమ్మా, ఎవరు ఆపమన్నారు మీకు?"

"ఎవరూ ఆపమన్లేదండి."

"ఇటొచ్చి చూడండి."

ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని ఆ బురదలోనే పడుకుని చూసింది. గొట్టం ఒక పక్క అరిగి కాగితమంత పలచబడింది. ఆమె కళ్లలోకి నీళ్లొచ్చాయి. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. బతికిపోయామనేమో అనుకున్నాను. తర్వాత ఆమె తనలో తాను అన్న మాట విన్నాను: "అయితే నా క్లచ్చు కాదు."

మీరాసాహెబు వెనక్కి వెళ్లే పొడవాటి షాఫ్టుని విప్పేసి, పెట్టెను గొట్టానికి దూరంగా గొలుసుతో పైకి కట్టి, ముందు చక్రాల లాగుడుతోనే మనిషి నడిచినంత మెల్లగా బండిని దించాడు. ఘాట్ దిగేదాకా వీరవేణి వానలో పక్కనే నడుస్తూ వచ్చింది. దొరబాబు ఆమె వెనక నడిచాడు.

మర్నాడు పొద్దున్న నా వంతు వచ్చింది. బండిని స్టాండ్ల మీదికి ఎత్తారు. పెట్టె కింద జాకీ పెట్టి బోల్టులు విప్పి కిందికి దించారు. నన్ను ఊడదీయడానికి లావాటి బోల్టూ గిన్నెలాంటి ఇనుప ముక్కా ఉన్న సాధనం బిగించాడు మీరాసాహెబు. తిప్పిన కొద్దీ నేను జరుగుతున్నాను. పదిహేనేళ్లుగా ఆ గూడే నా లోకం. ఫట్‌మని బయటపడ్డాను.

కొత్తవాటిని సబ్బునీళ్లతో తడిపి, వాటి మీది గుర్తు పైకి ఉండేలా చూసి ఎక్కించాడు. కారే సీలు మార్చాడు, బ్రేకు గొట్టం కొత్తది వేశాడు. బోల్టులు చివరగా బిగించేముందు బండిని చక్రాల మీదికి దించాడు.

"గాల్లో ఉన్నప్పుడే బిగించేస్తే కిందికి దిగాక రబ్బరు మెలిపడిపోద్దమ్మా. తొందరగా చిరుగుద్ది."

వీరవేణి ప్రతిదీ అడిగి తెలుసుకుంది. బెంచీ మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న దొరబాబు చేతిలో మీరాసాహెబు నన్ను పెట్టాడు.

"వేలు పెట్టి లాగండి."

దొరబాబు లాగాడు. నా లోపలి గొట్టం ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. అతను నా వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. ఆమె కొత్త బ్రేకు గొట్టాన్ని వంగి చూసుకుంటోంది. తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేదేమో.

అప్పుడే షెడ్డు ముందు ఒక పాత జీపు ఆగింది. రేడియేటరులో నీళ్లు పోసుకోవడానికట. లోపల ఏడెనిమిది మంది, ఒక ముసలాయన, స్కూలు యూనిఫాంలో ఇద్దరు ఆడపిల్లలు. పైకి వెళ్తున్నారు. డ్రైవరు నీళ్లు పోసి, ఎక్కి, క్లచ్చు వదిలాడు.

దబ్.

వీరవేణి తల తిప్పింది. నాకు తెలిసిన చప్పుడే. 

"ఆగండి బాబూ," అంటూ ఎదురెళ్లింది. "మీ బండి కింద ఏదో ఊడింది. ఘాట్ ఎక్కకండి. ఈయన చూస్తారు."

డ్రైవరు నవ్వాడు. "పాత జీపమ్మా, ఇలాగే వాగుతుంటది. ఆడోళ్లకి అన్నీ భయాలే." ఇంజిన్ రేజ్ చేశాడు. ముసలాయన తొందరగా పోనిమ్మన్నాడు.

టీ గ్లాసు కింద పడింది. దొరబాబు జీపు ముందుకెళ్లి నిలబడ్డాడు. నేను అతని పిడికిట్లోనే ఉన్నాను. 

"ఆవిడ చెప్పింది వినన్నా."

"తప్పుకోవయ్యా, టైమవుతంది."

"నిన్న నేనూ ఇదే మాటన్నాను ఆవిడతో." పిడికిలి విప్పి, రెండు ముక్కలైన నన్ను బానెట్ మీద పెట్టాడు. "ఇది చూడు. మా బండిలో వెనకాల ఏడాది పిల్ల ఉంది. నేను పోనిమ్మన్నాను."

డ్రైవరు నన్ను చూశాడు. తర్వాత అద్దంలో వెనకనున్న ఆడపిల్లల్ని చూశాడు. అతని నవ్వు ఎటో పోయింది. చెయ్యి తాళం మీదికి వెళ్లింది. ఇంజిన్ ఆగింది.