పాదాలమ్మకు తిట్లు

దేవుణ్ణి తిట్టుకునేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. కానీ పసుపు రాసి, బొట్టు పెట్టి, పీట వేసి కూర్చోబెట్టి మరీ తిట్టే ఇల్లు మారిషస్ మొత్తం మీద ఒక్కటే ఉండేది. కాత్ర్ బోర్న్‌లో సంత వెనక వీధి, గుమాస్తా ముత్తయ్యగారి ఇల్లు. తిట్లు తినే అమ్మవారి పేరు పాదాలమ్మ.

పాదాలమ్మంటే విగ్రహం కాదు, రాయీ కాదు. జానెడు ఎముక. నూరేళ్ళుగా రాసిన పసుపూ నూనే కుంకుమా పొరలుపొరలుగా పేరుకుపోయి, చూసేవాళ్ళకి బాగా ముదిరిన పసుపుకొమ్ములా కనిపిస్తుంది.

ఆ ఇంటి కోడలు గౌరీదేవి, ముత్తయ్య భార్య. కాలేజీ చదువు చదివి బళ్ళో పిల్లలకు తెలుగు చెప్పే మనిషి. కాపరానికొచ్చిన మొదటి ఏడు ఆ తిట్ల తంతు చూసి నవ్వుకుంది. రెండో ఏడు సిగ్గుపడింది. మూడో ఏటినుంచీ అమ్మోరు పండుగకు తలనొప్పి తెచ్చుకోవడం అలవాటు చేసుకుంది. మహా క్రమశిక్షణ గల తలనొప్పి. సరిగ్గా పీట వాల్చే వేళకు వచ్చేది, ఆఖరి ఆడమనిషి తిట్టి గుమ్మం దిగాక పోయేది.

కథ తెలియక కాదు. ఆ ఇంట్లో అన్నం తిన్నవాళ్ళెవరికైనా ఆ కథ తెలుసు.

కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ళలో వెంకయ్య ఒకడు. గౌరీదేవి మామగారికి తాత. దక్షిణాన ఒక చెరుకు తోటలో కూలీ. ఆ రోజుల్లో ఒక దొరగారికి డోడో ఎముకలు కావలసొచ్చాయి. డోడో అంటే ఒకప్పుడు ఈ దీవిలో ఉండిన పక్షి, ఎగరనూ లేదు, పారిపోనూ లేదు. ఓడల మీద వచ్చినవాళ్ళు దాన్ని ఒక్కటి మిగలకుండా చేసి, అంతా అయ్యాక ఎముకల కోసం వెతుకులాట మొదలుపెట్టారు. పెద్దవాళ్ళ ప్రేమలు అలాగే ఉంటాయి.

సముద్రానికి దగ్గర్లో ఒక బురదమడుగు. మొలలోతు నీళ్ళు, అడుగున నల్లటి మెత్తటి బురద. పార వేస్తే ఎముకలు విరుగుతాయని కూలీలను దింపి, కాళ్ళతో తడమమన్నారు. గట్టిగా ఏదైనా తగిలితే వంగి తీసి ఒడ్డుకు అందించాలి. ఒడ్డున గొడుగు కింద దొర. వెంకయ్య పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తడిమాడు, తీశాడు, ఇచ్చాడు. ఒక ఎముక మాత్రం విరిగిన కొసతో అరికాల్లో దిగింది. దాన్ని ఇవ్వలేదు. గోచీలో దోపుకుని ఇంటికి తెచ్చి పెళ్ళాం మంగమ్మ చేతిలో పెట్టాడు. కాలు చీము పట్టింది, మోకాలిదాకా నల్లబడింది. పక్షం తిరక్కుండా పోయాడు. ఓడెక్కి వెళ్ళిన ఎముకలకు పేరొచ్చింది. వెంకయ్య కాలు చెరుకు గట్టున మట్టయింది.

మంగమ్మ ఆ ఎముకను పారెయ్యలేదు. పీట మీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నా మొగుడి కాలు తిన్నావు కదే. ఇంకా కడుపు నిండలేదా? అయితే ఇదిగో, చూడు, ఈ వీధిలో ఎన్ని కాళ్ళున్నాయో. వాటి నొప్పులు తిను. పుళ్ళు తిను. తిని అరగక చావు."

పొరుగున చెరుకు కొట్టే మనిషికి మానని పుండొకటి ఆ నెలలోనే మానింది. ఎందుకు మానిందో ఎవరికి తెలుసు. తిట్లకు జడిసి నొప్పులు తినేస్తోందన్నారు జనం. ఎముక పాదాలమ్మ అయింది. మంగమ్మ ముసలితనంలో ఆ తిట్లన్నీ కొత్తగా కాపరానికొచ్చిన మనవడి పెళ్ళాం నర్సమ్మకు నేర్పింది. ఆ నర్సమ్మే ఇప్పుడు గౌరీదేవి అత్తగారు. ఏటా పండుగకు కాంప్ ద మాస్క్ నుంచి చెరుకు కొట్టే ఆడవాళ్ళు పగిలిన మడమలతో బస్సెక్కి వస్తారు. పక్కింటి క్రియోల్ ఆవిడ మిషెలిన్ ఆదివారం చర్చికి వెళ్తుంది, అమ్మోరు పండుగకు ఇక్కడికొచ్చి తన క్రియోల్ భాషలో తిట్టి పోతుంది.

"అమ్మోరికి ఏ భాషైనా ఒకటే. గట్టిగా తిట్టాలి, అంతే," అంటుంది నర్సమ్మ.

పందొమ్మిది వందల అరవై ఏడు, నవంబరు. వచ్చే మార్చిలో దేశానికి స్వాతంత్ర్యం. ఒకరోజు సాయంత్రం ముత్తయ్య బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు.

"స్వాతంత్ర్యానికి పెద్ద ప్రదర్శన పెడుతున్నారు గౌరీ. ఆ ప్రదర్శన సంఘానికి పెద్ద మొస్యే రోజర్ అనే ఫ్రెంచి దొర. మనింట్లో డోడో ఎముక ఉందని తెలిసి చాలా సంతోషించాడు. ఆదివారం దాన్ని తీసుకోడానికి వస్తాడు."

"తెలిసిందా? ఎవరు చెప్పారేం?"

"మాటల్లో వచ్చింది."

"మీ మాటల్లో ఎముకలు కూడా వస్తాయని నాకు తెలీదు."

"హెడ్ గుమాస్తా కుర్చీ ఖాళీ అయింది. రోజర్‌గారి మాట మా ఆఫీసులో నడుస్తుంది," అన్నాడు ముత్తయ్య, గోడవైపు చూస్తూ.

గౌరీదేవి అత్తగారివైపు చూసింది. ఇప్పుడు ఇల్లు దద్దరిల్లుతుందనుకుంది. నర్సమ్మ ఆకుకూర గిల్లుతోంది. తలెత్తలేదు.

"ఇచ్చెయ్యనీ," అంది.

"అత్తయ్యా, మీరేనా ఈ మాట అంటున్నది?"

"నేనెన్నాళ్ళుంటాను? నేను పోయాక దాన్నెవరు తిడతారే? నీకు చదువుంది, నోరు లేదు. తిట్టేవాళ్ళు లేకుండా అది ఇంట్లో ఉండకూడదు. ఊరికే కూర్చుంటే మళ్ళీ ఎవడి కాలో వెతుక్కుంటుంది. అద్దాలపెట్టెలో పెట్టి తాళం వేస్తారంట. మంచిదే." ఆకు గిల్లడం ఆపి కోడల్ని చూసింది. "ఒక్కటి మాత్రం అడుగు. పక్కన అట్ట పెడతారు కదా, దాని మీద వెంకయ్య తాత పేరు రాయమను. పేరు ఎదురుగా ఉంటే దానికి తను చేసిన తప్పు గుర్తుంటుంది."

అది గౌరీదేవికి గుచ్చుకుంది. నోరు లేదన్న మాట కంటే, ఆ ముసలిది అంత చిన్న కోరికతో సరిపెట్టుకోవడం ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం మొస్యే రోజర్ కారు దిగాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే పని సులువయ్యేది. టోపీ తీసి నర్సమ్మకు వంగి నమస్కరించాడు, టీ బాగుందన్నాడు, కప్పులు కూడా బాగున్నాయన్నాడు. ముత్తయ్య ఆ కప్పులకంటే బిగుసుకుని కూర్చున్నాడు.

"అద్భుతమైన చరిత్ర మదామ్," అన్నాడు రోజర్ ఫ్రెంచిలో. "కూలీలు పాదాలతో ఎముకల్ని పసిగట్టేవారట. చెప్పులెరగని పాదాలు కదా, ఎంత తెలివిగలవో." ఆ మాటకు తనే నవ్వాడు. ముత్తయ్య కూడా నవ్వాడు.

ఎముకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వేళ్ళకు పసుపంటింది. "దీన్ని కడిగితే గానీ డోడోదో కాదో తేలదు."

"కడగనివ్వను," అంది నర్సమ్మ క్రియోల్‌లో. "పసుపు పోతే అమ్మోరు పోతుంది."

"సరే సరే, అక్కర్లేదు. మీ కుటుంబం చెప్పే కథ ఉందిగా. ఆ మడుగులోంచి తెచ్చారంటే డోడోదే. నాకు అది చాలు."

"అయితే తెచ్చిన మనిషి పేరు రాస్తారు కదండీ," అంది గౌరీదేవి. "వెంకయ్య."

రోజర్ కప్పు కింద పెట్టాడు. "మడుగును కనిపెట్టిన పెద్దమనిషి పేరు రాస్తాం మదామ్. ఆనవాయితీ అది."

"ఆయన మడుగులోకి దిగారా?"

"దిగనక్కర్లేదు. ఆలోచన ఆయనది."

"అదృష్టవంతుడు. ఆలోచనకు చీము పట్టదు."

ముత్తయ్య దగ్గాడు. రోజర్ ఓపిగ్గా నవ్వాడు. "పోనీ, కింద 'కూలీల సాయంతో' అని వేయిస్తాను. ముత్తయ్య కుటుంబం ఇచ్చిందనీ వేయిస్తాను. సరేనా?"

"కూలీలకు పేర్లుంటాయండీ. ఒకాయన పేరు చెప్తున్నాను కూడా."

"ఆధారం ఉండాలి కదా మదామ్. వెంకయ్య అనే మనిషి ఆ రోజు ఆ మడుగులో ఉన్నాడనడానికి ఏముంది? ఇంట్లో చెప్పుకునే కథ తప్ప."

గౌరీదేవికి అరికాళ్ళనుంచి మంట లేచింది. ఇన్నేళ్ళూ బళ్ళోనూ ఇంట్లోనూ మర్యాదగా మింగిన మాటలన్నీ ఒక్కసారి గొంతుదాకా వచ్చి నిలబడ్డాయి. అయినా గొంతు లేపలేదు.

"ఇది డోడోదనడానికి మీకేముందండీ?"

"అదే, మీ కథ..."

"అదే కథ. వెంకయ్య దిగాడు, కాల్లో దిగబడింది, తెచ్చాడు, చచ్చాడు. ఇందులో తెచ్చాడన్న ముక్క మీకు చరిత్ర. దిగాడు, చచ్చాడు అన్న ముక్కలు మాత్రం ఇంట్లో చెప్పుకునే కబుర్లు. సంతలో చేప కొన్నట్టు మధ్య తునక ఒక్కటీ కోయించుకుని, తలా తోకా మాకొదిలేసి పోతానంటున్నారు."

"గౌరీ," అన్నాడు ముత్తయ్య.

రోజర్ మొహం ఎర్రబడింది. పసుపు వేళ్ళు రుమాలుకు తుడుచుకున్నాడు. "నిజం చెప్పాలంటే, ఇది తాబేలు ఎముకే కావచ్చు."

"తాబేలుదే అనుకోండి. మా తాత కాలు మాత్రం మనిషిదే."

ఆ తర్వాత ఆమెకు ఫ్రెంచి అందలేదు. ఇంగ్లీషూ అందలేదు. తను పిల్లలకు చెప్పే పుస్తకాల్లో అమ్మ ఉంది, ఆవు ఉంది, తిట్టు ఒక్కటి లేదు. అత్తగారి నోటినుంచి, పక్క గదిలో కళ్ళు మూసుకుని పడుకుని ఏళ్ళతరబడి విన్న ఆ పాత తెలుగు, ఓడలో వచ్చిన తెలుగు, దానంతటదే వచ్చింది.

"నీ గొడుగు గాలికి కొట్టుకుపోను. ఒడ్డున కూర్చుని ఊళ్ళో కాళ్ళన్నీ మింగినవాడా. నువ్వు పెట్టే అట్ట మీద చెద పట్ట. మనిషి పేరు రాయలేని నీ చేతికి మా తాత పుండు తగల. నీ అద్దాలపెట్టెలో గాలి నిన్నే దిగమింగ..."

నర్సమ్మ నోరు తెరుచుకుని వింటోంది.

"ఏమంటున్నారు?" అన్నాడు రోజర్, ముత్తయ్యతో.

ముత్తయ్య చొక్కా తడిసిపోయింది. "ప్రార్థన మొస్యే. ఎముకను పంపేముందు... ప్రార్థన చెయ్యడం మా ఆచారం."

రోజర్ మర్యాదస్తుడు. టోపీ గుండెకు ఆనించుకుని తల వంచాడు. వంచిన ఆ తలమీద గౌరీదేవి ఇంకో రెండు వాక్యాలు పోసింది. ఊపిరి తీసుకుని అప్పుడు ఫ్రెంచిలోకి వచ్చింది.

"ప్రార్థన కాదండీ, మావారికి తెలుగు సరిగ్గా రాదు. మిమ్మల్ని తిట్టాను. ఎముక ఇవ్వను."

కారు వెళ్ళిపోయింది. ముత్తయ్య చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికొచ్చి, "నా నోట్లో మన్ను కొట్టావు," అన్నాడు. గౌరీదేవి కాదనలేదు. ఆ కుర్చీ ఇంకొకరికే పోయింది. ప్రదర్శనకు పోర్ట్ లూయీలో ఎవరిచేతో సున్నపు డోడోను చేయించారట, పిల్లలు దాని ముక్కు పట్టుకుని ఫొటోలు దిగడానికి. ముత్తయ్య కొన్నాళ్ళు పెళ్ళాంతో అన్నం గురించి తప్ప ఏదీ మాట్లాడలేదు. అన్నం గురించీ పొడిపొడిగానే.

డిసెంబరులో అమ్మోరు పండుగ వచ్చింది. కాంప్ ద మాస్క్ ఆడవాళ్ళతో వసారా నిండిపోయింది. మిషెలిన్ వాచిన పాదాన్ని మోడా మీద పెట్టుకుని వంతు కోసం చూస్తోంది. నర్సమ్మ తిట్టి లేచాక, పీట ఎదుట గౌరీదేవి కూర్చుంది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పంతులమ్మ ఏం తిడుతుందిలే అనుకున్నారు కాబోలు.

ఎముకతో మొదలుపెట్టింది. అక్కడినుంచి మడుగుకు పోయింది, మడుగునుంచి గొడుగుకు, గొడుగునుంచి ఓడకు, కోరంగి రేవులో మాయమాటలు చెప్పి ఓడెక్కించినవాడికి, చెప్పుల్లేని కాళ్ళను మెచ్చుకుని చెప్పులివ్వనివాళ్ళకు, జెండా మీద జెండా మారుస్తూ ఆ కాళ్ళ పేర్లు మాత్రం అడగనివాళ్ళకు. వెంకయ్య పేరు ప్రతి తిట్టుకూ ముందు చెప్పింది. గొంతు బొంగురుపోయింది, ఆగలేదు.

నర్సమ్మ వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నెమ్మదే తల్లీ. అన్నీ ఇవాళే తిట్టేస్తే వచ్చే ఏటికి ఏం మిగులుతుంది?"

"మిగులుతుంది అత్తయ్యా," అంది గౌరీదేవి. చెంబెత్తి రెండు గుక్కలు నీళ్ళు తాగి, మళ్ళీ ఎముకవైపు తిరిగింది.