దుమ్మెత్తి పోసిన ఫోటో

బాలును హైకోర్టు వదిలిపెట్టిందన్న కబురు వచ్చినప్పుడు జమ్రుద్‌బీ అన్నం వారుస్తోంది. కూతురు నిఖత్ పేపరు పట్టుకుని గడపలో నిలబడి, చదవాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి చదివింది. ఆదోని మార్కెట్ యార్డు వెనక ఆటో డ్రైవర్ నవాజ్ హత్య కేసు. కింది కోర్టు వేసిన యావజ్జీవ శిక్ష రద్దు. ఎమ్మిగనూరు నేతగాడు సిద్ధప్ప కొడుకు బాలు సంశయ లాభం కింద విడుదల.

"సంశయ లాభం అంటే ఏందే?"

"షక్ కా ఫాయిదా అమ్మీ. అనుమానం ఉందని వదిలేసినారు."

"అనుమానం ఉంటే వదిలేదేంది? అనుమానం ఉంటే కదా లోపల పెట్టేది!"

 ఆ మాట దగ్గర చదువుకున్నవాళ్లే తడబడతారు. అనుమానం కేసు మీద, మనిషి మీద కాదు అని కోర్టు ఉద్దేశం. ఆ తేడా తీర్పు కాగితం దాటి వీధిలోకి వచ్చేసరికి ఆవిరైపోతుంది. జనానికి వినిపించేది అనుమానం ఒక్కటే. అది వచ్చి మనిషికే అంటుకుంటుంది.

నవాజ్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. తొమ్మిదేళ్ల కిందట ఎవరో కత్తితో పొడిచి పోయారు. అంతకు ముందు వారమే ఆటోలో సీటు దగ్గర బాలుతో గొడవపడ్డాడు, నలుగురూ చూశారు. పోలీసులకు అంతకంటే ఏం కావాలి? బాలును పట్టుకొచ్చి, నాలుగు తగిలించి, నేనే చంపానని చెప్పించారు. యార్డు దగ్గర టీ బంకు నడిపే రంగప్ప, పారిపోతుంటే చూశానన్నాడు. జైల్లో పదిమందిని వరసగా నిలబెట్టి గుర్తుపట్టమంటే బాలును వేలు పెట్టి చూపించాడు. బాలుకు ప్రభుత్వం ఇచ్చిన లాయరు రంగప్పను ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగేదేం లేదని కూర్చున్నాడట, మహానుభావుడు.

ఆ గుర్తుపట్టడానికి ముందు ఇంకోటి జరిగింది. హత్య జరిగిన చోటు చూపించమని పోలీసులు బాలును బేడీలతో తీసుకొచ్చారు. జీపు రంగప్ప బంకు ముందే ఆపి టీ తాగుతున్నారు. సంగతి తెలిసి జమ్రుద్‌బీ కాళ్లకు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. దోసెడు దుమ్మెత్తి బాలు మొహాన కొట్టింది.

"నా కడుపుకోత నీ యమ్మకు తగలాల! ఏడ్సి ఏడ్సి సావాల అది!"

బాలుకు శిక్ష పడిన కొన్నేళ్లకు అతని తల్లి మద్దమ్మ నిజంగానే కొడుకు మీద దిగులుతో మంచం పట్టి పోయింది. ఆ రోజు జమ్రుద్‌బీ కడుపు నిండా తిన్నది. అల్లా తన మాట విన్నాడనుకుంది.

"అమ్మీ, ఇంకా ఉంది," అంది నిఖత్ గొంతు తగ్గించి. "నీ ఫోటో గురించి రాసినారు."

ఆ దుమ్ము పోయడాన్ని ఒక విలేకరి ఫోటో తీశాడు. మర్నాడు పేపర్లో పెద్దగా వేశారు. జమ్రుద్‌బీ చెయ్యి పైకి లేచి ఉంది, బాలు కళ్లు మూసుకున్నాడు, వాళ్ల వెనక టీ గ్లాసు పట్టుకుని రంగప్ప బాలునే చూస్తున్నాడు. అప్పీలుకు వచ్చిన కొత్త లాయరమ్మ దాన్ని వెతికి తీసింది. ముందే చూపించిన మనిషిని తర్వాత చూపించమంటే అది గుర్తుపట్టడం ఎట్లా అవుతుందని అడిగింది. హైకోర్టు ఆ విలేకరిని పిలిపించి విని, అవునంది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యానికి పనికిరాదని కూడా చెప్పింది. దాంతో కేసులో ఏమీ మిగల్లేదు.

"అయితే వాణ్ని ఇడిపించింది నా చెయ్యేనా?" అంది జమ్రుద్‌బీ. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే రంగప్ప బంకుకు పోయింది.

"నిజం సెప్పు రంగప్పా. ఆ పొద్దు వాని మొకం సూసినావా, లేదా?"

రంగప్ప గ్లాసులు కడగడం ఆపలేదు. "పారిపోతాంటే వీపు సూసినా బీబమ్మా. మొకం సూసింది నువ్వు దుమ్ము పోసిన పొద్దే. జీపు దిగినప్పుడు పోలీసులు వీడే అన్నారు. వాళ్లకు తెలీదా అనుకున్నా. నేనూ వీడే అన్నా."

"కోర్టులో ఆ మాట సెప్పకపోతివే!"

"అడిగితే కదమ్మా సెప్పేది."

ఆమె ఆ బంకు బల్ల మీదే కూలబడింది. తననూ ఎవరూ అడగలేదు. రంగప్ప ముందుగానే బాలును చూశాడని తనకు తెలుసు, తెలిసీ అది లెక్కలోకి వచ్చే సంగతని తోచలేదు. మరి మద్దమ్మ? ఏ పాపం తెలియని పిల్లోడి తల్లిని తిట్టి చంపానా అనుకుంది. ఆ ఉసురు తనకు తగలకుండా పోదు. వారం రోజులు ముద్ద దిగలేదు.

ఆ వారం చివర బాలు తండ్రి సిద్ధప్పే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప బయటే నిలబడి చేతులు జోడించాడు.

"బీబమ్మా, పిల్లోడు ఇల్లు దాటి రావడంల్యా. నూలిచ్చే షావుకారు ఉచ్చీరప్ప, అనుమానంతో ఇడిసినోనికి పని ఎట్ల ఇయ్యాలంటాండాడు. ఈదిలో పిలకాయల్ని గూడా మా ఇంటి పక్కకు రానీరు. కోర్టు మాట మా కాడ సెల్లదమ్మా. సచ్చిపోయినోని తల్లివి నువ్వు. నువ్వొచ్చి వీడు కాదని ఒక్క మాట సెప్తే ఇంక ఎవురూ నోరెత్తరు."

"వస్తానన్నా," అంది జమ్రుద్‌బీ వెంటనే. "వచ్చి సెప్తా. మద్దమ్మకు నేను సేసిన దానికి ఇదన్నా సేస్తా." ఆమె మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. ఆమె వచ్చిందని తెలిసి నేతగాళ్ల వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. ఉచ్చీరప్ప భుజాన తువ్వాలుతో ముందుకొచ్చి నిలబడ్డాడు. సిద్ధప్ప లోపలికి పోయి కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

తొమ్మిదేళ్లుగా జమ్రుద్‌బీ కళ్లలో ఉన్నది దుమ్ము కొట్టుకున్న ఒక కుర్రవాడి మొహం. రోజూ ఆ మొహాన్ని తిట్టుకునే నిద్రపోయేది. ఇప్పుడు ఎదురుగా ఉన్నవాడికి జుట్టు నెరిసింది, చెంపలు లోపలికి పోయాయి. ఎవరో పేరు పిలిస్తే హాజరు చెప్పాలన్నట్టు చేతులు ముందుకు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

"సెప్పమ్మా," అన్నాడు ఉచ్చీరప్ప. "మీ పిల్లోన్ని సంపింది వీడా, కాదా?"

కాదు అనే చెప్పబోయింది. దారి పొడవునా అదే అనుకుంటూ వచ్చింది. నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట.

"వీడు కాకుంటే మరి ఎవురప్పా?"

అది ఆమె వాళ్లను అడగలేదు. పోలీసులను అడిగింది, కోర్టులను అడిగింది, పైనున్నవాణ్ని అడిగింది. వీధికి అది ఇంకోలా వినిపించింది. గడపల్లో ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. "తల్లికే నమ్మకం ల్యాకుంటే మేమేం సేస్తాం," అని ఉచ్చీరప్ప తువ్వాలు దులుపుకుని వెనక్కి తిరిగాడు.

సిద్ధప్ప గాభరాగా ఆమె ముందుకొచ్చాడు. "అట్ల కాదు తల్లీ. నిన్న సెప్పినావే, ఆ మాట సెప్పు. ఒక్క మాట."

ఇంకా సమయం ఉంది. జనం ఇంకా పూర్తిగా కదల్లేదు. వీడు కాదు అనడానికి ఎంతసేపు? కానీ ఆ మాట అంటే ఆ మొహం చెరిగిపోతుంది. చెరిగిపోతే తన నవాజ్ ఎవరూ చంపకుండానే మార్కెట్ యార్డు వెనక పడి ఉంటాడు. మళ్లీ వెతుకుతారా అని నిఖత్ పోయి అడిగితే, అంతా అయిపోయిన కేసు తల్లీ అని పోలీసులు పంపించేశారు. ఇంక దొరికేవాడు ఎవడూ లేడు. రేపు నమాజు తర్వాత ఎవణ్ని శపిస్తూ బద్దువా పెట్టాలి? ఇన్నేళ్లు ఆమెను నిలబెట్టింది ఆ కోపమే. తాను చేస్తున్నది ఘోరమని జమ్రుద్‌బీకి తెలుసు. తెలిసే నోరు మూసుకుంది.

బాలు అప్పుడు మొదటిసారి తలెత్తాడు. కోపంగా కూడా లేడు.

"పొయ్యి రామ్మా," అన్నాడు. "తిట్టుకునేకి నీకు నేనన్నా ఉండా. నేనెవర్ని తిట్టుకోవాల?"

అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. జమ్రుద్‌బీ కొంగు తల మీదికి లాక్కుని బస్టాండు వైపు నడిచింది. సిద్ధప్ప మాత్రం వీధి మధ్యలో నిలబడి, మగ్గాల దగ్గరికి వెళ్లిపోతున్నవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తూ ఉన్నాడు.