జస్టిన్ సమాధి మీది మాట

2006 వానాకాలంలో జస్టిన్ నేవీ నుంచి సెలవు మీద దమ్మపేట వచ్చాడు. మలేరియా మెదడుకెక్కి, ఖమ్మం దవాఖానాకు చేరకముందే పోయాడు. అడవి అంచున సమాధుల తోటలో పాతిపెట్టారు.

రాయి చెక్కించేటప్పుడు పేచీ వచ్చింది. పేరు కింద ‘డిస్ట్రాయర్ నావికుడు’ అని ఉండాలని భార్య తబితా పట్టుబట్టింది. ఎవరడిగినా జస్టిన్ అట్లాగే చెప్పుకునేవాడు.

“డిస్ట్రాయరంటే ఏంది?” అడిగింది అత్త సంపూర్ణ.

“నాశనం చేసేది, అత్తమ్మా. యుద్ధ ఓడల్ల ఒక రకం.”

సంపూర్ణ ముఖం నల్లబడింది. “బైబిల్ల, ఐగుప్తు దేశంల పెద్దకొడుకుల పానాలు తీసిన దూతను గూడ సంహారకుడనే అంటరు. నా పెద్దకొడుకు నెత్తిన ఆ మాట పెడ్తవా?”

ఆ తర్వాత అత్తాకోడళ్లు మాట్లాడుకోవడమే తగ్గింది. రాయి పేరు లేకుండానే పడి ఉంది.

క్రిస్మస్‌కు ముందు బలరాం పరామర్శకు వచ్చాడు. పక్క తండావాడు, జస్టిన్‌తో ఒకే ఓడలో పనిచేసినవాడు. తబితా అతన్నే అడిగింది, ఓడకు ఆ పేరెందుకు వచ్చిందని.

“మొదట్ల గట్ల కాదమ్మా,” అన్నాడతను సంపూర్ణ వైపు తిరిగి. “వందేండ్ల కింద చిన్న పడవలు దొంగలెక్క వచ్చి, నీళ్లల్ల పోయి పేలే టార్పెడోలు వదిలి పెద్ద ఓడల్ని ముంచేటియి. వాటిని తరిమేటందుకు చేసిన ఓడల్ని టార్పెడో పడవల డిస్ట్రాయర్లన్నరు. రాను రాను ఆ పడవలు పోయినయి, పేరుల సగం పోయింది. మిగిలిన ముక్క ఇప్పుడు శానా పెద్ద ఓడకు అంటుకుంది. ఓడల పేర్లన్నీ ఇంతే. ఫ్రిగేటంటే ఒకప్పుడు తెరచాపల ఓడ, ఇప్పుడు దానికి తెరచాపే లేదు.”

“అయితే కాపలా ఓడేనా?” సంపూర్ణ గొంతులో ఆశ.

బలరాం అబద్ధమాడలేకపోయాడు. “అవ్, కాపలా గూడ కాస్తది. కానీ మిసైళ్లు గూడ ఉంటయమ్మా. దూరం ఊర్లను కొట్టగలదు.”

సంపూర్ణ అతనికి దగ్గరగా జరిగింది.

“మావోడు అందుల ఏం చేసేటోడు?”

“ఇంజన్ రూంల పని. ఉడుకపోతకు ఆగలేక మేం పైకొస్తే, మా డ్యూటీ గూడ వాడే చేసేటోడు.”

సంపూర్ణ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కోడలితో అంది: “రాయించు. వాడు చెప్పుకున్న మాట వానికే ఉండనీ.”

రాయి మీద ఆ మాట చెక్కించి, తబితా ఖమ్మంలో ఆయా పనికి వెళ్లిపోయింది. సమాధుల పండుగనాడు కొవ్వొత్తులు పట్టుకొచ్చిన జనం రాయి చదివి, ఇదేం మాటని సంపూర్ణనే అడిగేవారు. ఆమె చిన్న పడవల సంగతి మొదలుపెట్టేది. చివరిదాకా ఎవరూ నిలబడేవారు కాదు. రెండో ఏడు నుంచి ఆమె చెప్పడం మానేసింది.