శుక్రవారం నాటి లెక్కింపు

పదకొండు ఆడిట్ సంస్థలకు దరఖాస్తు పెట్టాను. ఏడింటి నుంచి జవాబే లేదు, మూడు మర్యాదగా వద్దన్నాయి. పదకొండోది పిలిచింది. పెతాలింగ్ జయలో ఒక షాపింగ్ మాల్ నెత్తిన రెండంతస్తులు అద్దెకు తీసుకున్న సంస్థ అది. మరీ పెద్దది కాదు; పెద్దవాళ్ళు నాలాంటివాళ్ళ కవరు కూడా చించరు. మరీ చిన్నదీ కాదు. చిన్నదైతే మా ఆయనకి పదిమందిలో చెప్పుకోవడానికుండదు. మధ్యరకం. లోపలికి అడుగుపెట్టగానే గోడ మీద 'నిజాయితీ' అని అడుగెత్తు ఇత్తడి అక్షరాలు. రోజూ ఎవరో తుడుస్తారు కాబోలు, తళతళలాడుతున్నాయి.

నా పేరు నిక్ సుహైలా. ముప్పై ఎనిమిదేళ్ళు. పుట్టి పెరిగింది అటు తూర్పుతీరపు రాష్ట్రం కెలంతాన్‌లో, కోటా భారులో. అకౌంటెన్సీ పరీక్షలు సగం పెళ్ళికి ముందు, సగం పిల్లలు బడికి వెళ్ళాక చదివి పాసయ్యాను. మిగిలింది ఒక్కటే. ఎవరో ఒక ఆడిటర్ కింద మూడేళ్ళు పనిచేసి, చేసినట్టు ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి. అప్పుడుగాని పేరు పక్కన, అసలైన అకౌంటెంటునని చెప్పే ఆ నాలుగు అక్షరాలు రావు. ఆ సంతకం లేనంతకాలం నా చదువంతా బీరువా మీద అట్టపెట్టెలోనే.

బయల్దేరబోతుంటే మా ఆయన బక్తియార్ దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"బుదు తిన్నావా ఏంటి?"

బుదు అంటే ఉప్పులో మాగేసిన చేపల ఊట. నాకది లేనిదే అన్నం దిగదు. దాని వాసనకి ఈ ఊళ్ళో పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు.

"రెండ్రోజుల్నుంచీ ముట్టుకోలేదు."

"అయితే ఉద్యోగం నీదే" అన్నాడు.

సరిగ్గా తొమ్మిదింటికి మిస్ లో అనే ఆవిడ నన్ను గదిలో కూర్చోబెట్టింది. ఉద్యోగాల్లోకి తీసుకునేది ఆవిడే. ఏసీ ఎంత చల్లగా ఉందంటే, మా ఫ్రిజ్‌లో పెట్టిన రొయ్యలకి కూడా అంత గౌరవం దక్కదు.

"తొమ్మిదేళ్ళు ఖాళీ కనిపిస్తోంది పువాన్. ఏం చేశారు?" అనడిగింది. పువాన్ అంటే 'అమ్మగారూ' అన్నట్టు.

"ఇద్దరు పిల్లల్ని పెంచాను."

"అంటే పనేమీ చెయ్యలేదు" అంటూ రాసేసుకుంది. అంత వేగంగా ఇంకేదీ రాయలేదావిడ.

తర్వాత ఫరీజ్ అనే మేనేజరొచ్చాడు. ముప్పై దాటని కుర్రాడు. ఒక ఫైలు నా ముందు పెట్టాడు.

"ఇది పాత ఫైలక్కా. కంపెనీ పేరు కొట్టేశాం. లోపాలెక్కడున్నాయో పట్టుకుని రాయండి. గంట టైము. ఎవరొచ్చినా ఇదే ఇస్తాం."

పేరు నల్లసిరాతో కొట్టేశారుగానీ, ప్రతి పేజీ అడుగునా ఉన్న చిరునామా వదిలేశారు. కెలంతాన్‌లో చేప అప్పడాలు చేసే ఫ్యాక్టరీ. నాకు నవ్వొచ్చింది. పుట్టింటి నుంచి ఎవరో చూడ్డానికొచ్చినట్టుంది.

ఒక చోట కూడిక తప్పు. ఒక చోట సంతకం లేదు. ఒకే బిల్లు రెండుసార్లు. ఇవి కావాలని పెట్టిన తప్పులని చూడగానే తెలుస్తుంది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కానీ చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడందే డబ్బిచ్చే అలవాటు నాకు లేదు. మిగతా పేజీలు కూడా తిప్పాను.

సంవత్సరాంతపు సరుకు లెక్కింపు పేజీ వచ్చింది. అందులో ఇలా ఉంది: "డిసెంబరు 31, శుక్రవారం. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు గోదాములో స్వయంగా ఉండి, స్టోర్‌కీపర్ సమక్షంలో సరుకు లెక్క చూడడమైనది. పెరట్లో అప్పడాలు ఎండలో ఆరుతున్నవి."

రెండుసార్లు చదివాను. మా రాష్ట్రంలో శుక్రవారం సెలవు. ఆదివారం మేం పనికి వెళతాం, శుక్రవారం ఇంట్లో ఉంటాం. ఆ రోజు తొమ్మిదింటికి మగాళ్ళందరూ బజారులో టిఫిన్ల దగ్గరుంటారు, ఒంటిగంటకి మసీదులో ఉంటారు. గోదాము తలుపు తీసేదెవరు? పైగా డిసెంబరాఖరు. వానాకాలం. మా అమ్మ మూడువారాలు బట్టలు ఫ్యాను కింద ఆరేసే రోజులవి. ఆ నెలలో మా ఊళ్ళో ఎండేదంటూ ఏదీ ఉండదు, మనుషులతో సహా.

అదంతా వివరంగా రాశాను. రాస్తూ ఆ సంస్థ మీద నాకు గౌరవం కూడా కలిగింది. మూడు తేలిక తప్పులు పైన పెట్టి, నాలుగోది ఇంత లోతున దాచారంటే ఎంత తెలివైనవాళ్ళో అనుకున్నాను.

ఫరీజ్ నా జవాబు తీసుకుని మొదటి మూడింటికీ టిక్కు పెట్టాడు. నాలుగోదాని దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఇది పరీక్షలో లేదక్కా."

"లేకపోవడమేంటి? ఫైల్లో ఉంది కదా!"

"ఫైల్లో ఉంది. పరీక్షలో లేదు."

అప్పుడు చూశాను, ఆ పేజీ కింద పొట్టి సంతకం. అబ్బాయి మెడలో వేలాడే కార్డు మీదా అదే పేరు. చెవులు ఎర్రబడ్డాయి అతనికి. నా కాగితం పట్టుకుని వెళ్ళిపోయాడు.

నన్నిక బయటికి పంపేస్తారనుకున్నాను. పదినిమిషాల తర్వాత సంస్థ పెద్ద తియోగారు స్వయంగా వచ్చారు, చేతిలో అనాసపండు జాము పెట్టి వెన్నతో చేసిన బిళ్ళల ప్లేటుతో. వెనకాల ఫరీజ్.

"తినండి, తినండి. మీది కెలంతానా? చూశావా ఫరీజ్, మనకి అటువైపు మనిషి ఒక్కరూ లేరు. అదే మన లోపం."

బిళ్ళ ఒకటి నోట్లో పెట్టుకున్నాను. వెన్న కారుతోంది.

"అయితే వాళ్ళకి గురువారం పనిదినమేనా?" అనడిగారాయన.

తొమ్మిదేళ్ళుగా సాక్సులెక్కడున్నాయో తప్ప నన్నెవరూ ఏమీ అడగలేదు. ఒక పెద్దమనిషి, నాకు తెలిసిన విషయం, గౌరవంగా అడిగేసరికి నోరు ముందే తెరుచుకుంది.

"పనిదినమేనండీ. కానీ మర్నాడు సెలవు కదా, నాలుగింటికల్లా మూసేస్తారు."

ఫరీజ్ 'నాలుగింటికల్లా' అని రాసుకున్నాడు.

"వాన సంగతి ఎలా రాయాలక్కా? చినుకులనాలా, కుండపోతనాలా?"

అప్పుడర్థమైంది, ఆ పేజీ కొత్తగా రాస్తున్నారని. నోట్లో బిళ్ళ మింగలేను, ఉమ్మలేను.

"అసలు లెక్కింపుకి ఎవరన్నా వెళ్ళారా?" అనడిగాను.

"సరుకు లెక్కకి కంపెనీలన్నిటికీ డిసెంబరు ముప్పై ఒకటే కావాలక్కా. అన్ని చోట్లకీ మనుషులెక్కణ్ణుంచి తెస్తాం? ఎండ, అప్పడాలు, అదంతా నాకు ముందున్నాయన రాసిందే. ఆయనకి ముందాయన రాశాడట. నేను తేదీ మార్చానంతే."

"అప్పడాలు ఎక్కడికి పోతాయమ్మా?" అన్నారు తియోగారు వేళ్ళు నాకుతూ. "వచ్చే నెల మనలాంటి ఆడిట్ సంస్థల్ని చూసే సర్కారు తనిఖీవాళ్ళొస్తున్నారు. ఈ ఫైలు కూడా అడిగారు. మీరు కాస్త సర్దిపెట్టండి. అటువైపువి ఇంకో పదహారున్నాయి. జీతం నాలుగువేల రెండొందల రింగిట్లనుకున్నాం, ఐదు వేలు చేద్దాం."

"మరి మూడేళ్ళ తర్వాత నా సంతకం?"

"మూడేళ్ళెందుకు? కాగితం తెండి, ఇప్పుడే పెట్టేస్తాను!"

ఫరీజ్ నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ మిస్ లో కూడా నవ్వింది. ఏ సంతకం కోసం నేను సగం జీవితం చదివానో, అది ఆయన బిళ్ళలతోపాటు ప్లేట్లో పెట్టి నా ముందుకి తోశారు. అది ఎంత చవకో అప్పుడు తెలిసింది. వాళ్ళ మీదకంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నాలుగింటికల్లా అని చెప్పిందెవరు? నేనే కదా!

మిస్ లో ఉద్యోగంలోకి తీసుకున్నట్టు ఉత్తరం తెచ్చింది.

"ఇక్కడ సంతకం, ఇక్కడ తేదీ. పోయిన నెల ఒకటో తేదీ వెయ్యండి పువాన్."

"ఇవాళ పద్నాలుగు కదా?"

"తనిఖీకి ముందునుంచే ఉన్నట్టుండాలి. ఇక్కడందరం అలాగే వేశాం."

సంతకం పెట్టాను. తేదీ పద్నాలుగు వేశాను.

ఆవిడ చప్పరించి ఇంకో ప్రతి ఇచ్చింది. మళ్ళీ పద్నాలుగు వేశాను. మూడోది తెచ్చి వేలితో చూపించింది: "ఒకటి. ఒక్కటంటే ఒకటి."

"చేతికి రావట్లేదండీ" అన్నాను, పద్నాలుగు వేసి.

తియోగారు నవ్వడం మానేశారు. "ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. తొమ్మిదేళ్ళు ఖాళీగా ఉన్న మనిషిని ఇంకెవరూ పిలవరు."

నిజమే. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు.

"నా జవాబు కాగితం ఇస్తారా?" అనడిగాను.

"మిషన్లో వేసి ముక్కలు చేసేశామక్కా" అన్నాడు ఫరీజ్. "రూలు."

ఆ భవనంలో అమలవుతున్న రూలు అదొక్కటే కాబోలు. బయటికొచ్చేసరికి ఒంటిగంటైంది. ఇత్తడి అక్షరాలు తుడిచే ముసలావిడ నాకు దారిచ్చింది.

ఇంట్లో బక్తియార్ విని కుర్చీలో కూలబడ్డాడు.

"ఐదు వేలే! కాదన్నావా?"

"కాదన్లేదు. తేదీ వేశాను."

"ఎక్కడ చూసినా అంతేనే. నువ్వు వెళ్ళకపోతే ఇంకొకరు రాస్తారు గురువారమని."

"రాయనీ. గురువారమని వాళ్ళకి చెప్పింది నేనే. నాకు అదే రోత."

"మళ్ళీ ఎవరు పిలుస్తారు నిన్ను?"

"ఎవరూ పిలవరు."

బక్తియార్ లేచాడు. తనే వెళ్ళి కిటికీ తెరిచి, బుదు సీసా తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఆ వెన్న వాసన పోలేదు. బుదు పోసుకుని కలుపుకున్నాక గానీ పోలేదు.

తిన్నాక ఒక తెల్లకాగితం తీసి ఆ నాలుగో జవాబు మళ్ళీ రాశాను. శుక్రవారం, మసీదు, వాన, పదహారు ఫైళ్ళు, గురువారమని నేనన్నమాట కూడా. కవరు మీద తనిఖీవాళ్ళ చిరునామా. కింద నా పేరు. పక్కన అక్షరాలేమీ లేవు, ఇక రావు కూడా. తేదీ పద్నాలుగు, మంగళవారం. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు నేను స్వయంగా అక్కడే ఉన్నాను.